అప్పాజీ న్యూట్రల్‌లో వదిలిన కారు

కడియం నర్సరీల్లో అప్పాజీని ఎరగనివాళ్ళు లేరు. అదంతా అతను పెంచే మొక్కల గొప్పతనం అనుకునేరు! మొక్కలు అక్కడ అందరివీ ఒకలాగే ఉంటాయి. గొప్పదల్లా అతని నోరు. ఎవరైనా బండి వెనక్కి తీస్తూ కనిపిస్తే చాలు, చేతిలో ఉన్న నీళ్ళ గొట్టం అక్కడే పారేసి వచ్చేస్తాడు. "కొట్టు, కుడికి కొట్టు, ఇంకా కొట్టు... ఆపు! అద్దం ఎందుకిచ్చాడయ్యా కంపెనీవాడు, తల దువ్వుకోడానికా?" అని నలుగురూ వినేలా అరుస్తాడు. ముప్పయ్యేళ్ళ నుంచి బండి తోలుతున్నాననీ, ఒంటి మీద గీత పడ్డదేమో గానీ బండి మీద గీత పడలేదనీ చెప్పనిదే అతనికి పూట గడవదు.

అందులో అబద్ధం లేదు. పదో తరగతి తప్పాక ఒక పెద్ద నర్సరీలో కుండీలకి నీళ్ళు పోసే పనికి చేరాడు. అక్కడి వ్యాను డ్రైవరు పెళ్ళికెళ్ళి రాని రోజున ఎవరూ అడక్కుండానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడం, మళ్ళీ దిగలేదు. తోటల్లోంచి మొక్కలు ఎక్కించుకుని రోడ్డు మీద ఆగిన లారీల దగ్గరికి చేర్చడం అతని పని. లారీలు ఢిల్లీ పోయేవి, బొంబాయి పోయేవి. అప్పాజీ వ్యాను మాత్రం కాలవకీ లారీకీ మధ్యే తిరిగేది. తర్వాత కాస్త భూమి కౌలుకి తీసుకుని గులాబీలూ క్రోటన్లూ వేసుకున్నాడు, ఒక పాత కారు కొనుక్కున్నాడు. ముప్పయ్యేళ్ళూ అతను బండి తోలిన నేలంతా నీళ్ళు పోస్తే ఎటూ పారని నేల. ఈ సంగతి అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఎందుకు తడుతుంది?

కడియం తోటల్లో బండి ఆపడానికి ఒక మర్యాద ఉంది. దార్లు ఇరుకు. లోడింగు జోరుగా ఉన్నప్పుడు లారీ ఏ సందులోంచి వెనక్కొస్తుందో ఎవరూ చెప్పలేరు. అడ్డంగా బండి ఉంటే దాని తాలూకు మనిషి కోసం వెతుక్కుంటూ కూర్చోరు. అక్కడున్న ఆడకూలీలు నలుగురు చెయ్యేసి పక్కకి తోసేస్తారు. అంచేత బండి ఆపినవాడు న్యూట్రల్‌లో వదిలి వెళ్ళాలి. గేరులో పెట్టి తాళం వేసుకుపోయాడంటే వాడి వంశాన్నంతా తిట్టిపోస్తారు. ఇక హ్యాండ్ బ్రేకా, పగలూ రాత్రీ తడిగా ఉండే ఆ చోట గట్టిగా లాగి వదిలేస్తే మర్నాటికి చక్రాన్ని పట్టేసుకుని కూర్చుంటుంది. అందుకని లాగితే లాగినట్టు, లేకపోతే లేనట్టు. అప్పాజీ చేతికి ఇది ఎంత అలవాటయిందంటే, ఇంజను ఆపగానే అతని ఎడమ చెయ్యి అతన్నడక్కుండానే గేరు రాడ్డుని మధ్యకి లాగి, అటూ ఇటూ ఆడించి చూసుకునేది.

అతనికి ఒక్కతే కూతురు, దుర్గాశ్రీ. తునిలో ఇచ్చారు. వియ్యంకుడు లోకనాథ్ గారికి బజారులో హార్డ్‌వేరు కొట్టుంది. అల్లుడు గణేష్‌బాబు కూడా ఆ కొట్లోనే కూర్చుంటాడు. కొండవైపు వేసిన కొత్త లేఅవుట్లో ఇల్లు కట్టుకున్నారు. వీధి కింద ఉంటుంది, ఇల్లు పైన ఉంటుంది, మధ్యలో సిమెంటు ర్యాంపు, కారు ఆపేదీ దాని మీదే. నడిచి ఎక్కినా పిక్కలు లాగుతాయి.

దుర్గాశ్రీ హైవే అవతల ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. రోజూ షేర్ ఆటోలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా. గణేష్‌బాబు కొట్టుకి మోటారు సైకిలు మీద వెళ్ళిపోతాడు గనక ఇంట్లో కారు పగలంతా ఊరికే ఉంటుంది. అది చూసి చూసి ఆ పిల్ల సెలవుల్లో డ్రైవింగ్ స్కూలుకెళ్ళి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, స్కూలుకి కారులో వెళ్తానంది. అత్తగారు లోవలక్ష్మి గారు గుండె మీద చెయ్యేసుకుని, "హైవే అమ్మా, లారీలమ్మా" అన్నారు. చెడ్డమనిషి కాదావిడ. భయస్థురాలు. చివరికి లోకనాథ్ గారు మధ్యేమార్గం చెప్పారు. "మీ నాన్నగారు ఈ విద్యలో ముదురు కదమ్మా. ఒకసారి ఆయన పక్కన కూర్చుని చూసి, సరే అంటే, ఆ మర్నాటినుంచే తాళాలు నీవి."

ఈ కబురు ఫోనులో విన్న దగ్గర్నుంచీ అప్పాజీ కాళ్ళు నేల మీద ఆనలేదు. వియ్యంకుడు తన మాటకి అంత విలువిచ్చాడన్న సంగతి కడియంలో టీ కొట్టు నుంచి ఎరువుల కొట్టు దాకా చెప్పుకున్నాడు. ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య నూకరత్నాన్ని వెంటబెట్టుకుని, పొద్దున్నే రైలెక్కి తుని వెళ్ళాడు.

దుర్గాశ్రీ బాగానే తోలింది. నిజం చెప్పాలంటే బాగా కాదు, చాలా బాగా తోలింది. హైవే మీద తొందరపడలేదు, బజార్లో బెదరలేదు, ఆవు అడ్డమొస్తే హారన్ కొట్టకుండా ఆగింది. పక్కన కూర్చున్న అప్పాజీకి గర్వంగానే ఉంది గానీ, ఎక్కడో కాస్త వెలితిగా కూడా ఉంది. ఇంత దూరం వచ్చి ఒక్క తప్పూ పట్టకుండా ఎలా ఇంటికెళ్ళడం? ఆ పిల్ల ర్యాంపు కూడా ఫస్టు గేరులో ఆగకుండా ఎక్కించేసింది. మేడ మీద బట్టలు తీస్తున్న లోవలక్ష్మి గారు అది చూసి, "అబ్బో!" అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"ఇంకొంచెం గోడవారకి ఉండాలమ్మా. అల్లుడుగారు మోటారు సైకిలు తియ్యాలంటే తగుల్తుంది. నువ్వు దిగు, నేను పెడతాను," అన్నాడు అప్పాజీ.

"చాలా ఖాళీ ఉంది కదా నాన్నా."

"దిగమ్మా, నీకు తెలీదు."

ఆమె నవ్వి దిగి, లోపలికెళ్ళిపోయింది. అప్పాజీ కారుని ముందుకీ వెనక్కీ ఆడించి గోడవారకి చేర్చాడు. ఇంజను ఆపాడు. ఎడమ చెయ్యి తన పని తను చేసేసింది. కారు కాస్త వెనక్కి జరిగినట్టనిపిస్తే హ్యాండ్ బ్రేకు కొద్దిగా లాగాడు. ఆగింది. ఆగింది కదా, ఇంకేం? చొక్కా సర్దుకుంటూ హాల్లోకి వెళ్ళి, అందరి ముందూ తాళాలు కూతురి చేతిలో పెట్టాడు.

"ఇదిగోనమ్మా, రేపట్నుంచి ఇవి నీవి. బావగారూ, మీరు నిశ్చింతగా ఉండండి. ముప్పయ్యేళ్ళు బండి తోలినవాణ్ణి చెబుతున్నాను, ఇలా తోలేవాళ్ళని నేను చూళ్ళేదు."

"మీరన్నాక ఇంక తిరుగేముందండీ," అన్నారు లోకనాథ్ గారు.

భోజనాలకి కూర్చున్నారు. పనసపొట్టు కూర రెండోసారి వడ్డిస్తుండగా బయట ఏదో కూలినట్టు చప్పుడైంది. గణేష్‌బాబు ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. వెనకాల అందరూ వెళ్ళారు.

ర్యాంపు మీద కారు లేదు. తెరిచి ఉన్న గేటులోంచి వెనక్కి జారి, వీధి దాటి, ఎదురింటి ప్రహరీగోడకి గుద్దుకుని ఉంది. వెనక డిక్కీ లోపలికి పోయింది. గోడ ఒక వరస కూలింది. ఆ గోడ కింద చాప మీద ఎండబెట్టిన మిరపకాయలు చక్రాల కింద నలిగి, వీధంతా ఘాటు. ఎదురింటి ముసలావిడ గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది.

"ఇప్పుడేనమ్మా, దాహమేసి ఇప్పుడే లోపలికెళ్ళాను. ఇక్కడే కూర్చున్నాను నాయనా," అని ఆవిడ అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

గణేష్‌బాబు కారు తలుపు తెరిచి తొంగి చూశాడు. "గేరులో లేదు నాన్నా. న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్ బ్రేకు లాగీ లాగనట్టుంది," అన్నాడు.

అందరి చూపులూ దుర్గాశ్రీ వైపు తిరిగాయి. దుర్గాశ్రీ తండ్రి వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. ఇప్పుడు నాన్న చెబుతాడులే అని ఎదురుచూడడం, అంతే. అప్పాజీ కారు వైపు చూశాడు. చెబుదామనే అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఈలోగా లోకనాథ్ గారు అతని వైపు తిరిగి, "ఎందుకు జారిందంటారు బావగారూ? ఇంతసేపు బాగానే ఉంది కదా, ఇప్పుడే ఎందుకు కదిలింది?" అని అడిగారు.

గౌరవంగా అడిగారు. అదే అతని కొంప ముంచింది. తిట్టి అడిగితే ఒప్పుకునేవాడేమో. తెలిసిన మనిషని అడిగేసరికి, తెలిసిన మనిషి గొంతే పైకొచ్చింది.

"అంటే బావగారూ, తిరిగి వచ్చినప్పుడు బ్రేకులు వేడిగా ఉంటాయి కదండీ. ఆ వేడి మీద కొంచెం లాగినా పట్టినట్టే ఉంటుంది. చల్లారాక పట్టు సడలుతుంది. చదును నేల మీదైతే ఫరవాలేదు. ఇలాంటి ఏటవాలు మీద హ్యాండ్ బ్రేకు బిగదీసి లాగాలి, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు, గేరులో కూడా పెట్టాలి. గేరులో ఉంటే బ్రేకు వదిలినా ఇంజను పట్టుకుంటుంది. చక్రం గోడవైపు తిప్పి పెట్టాలి. వెనకాల ఓ రాయి పెడితే మరీ మంచిది. న్యూట్రల్‌లో వదిలేస్తే మరి..."

మరి ఏమిటో అతను పూర్తి చెయ్యలేదు. తన నోట్లోంచి వస్తున్న ఒక్కొక్క మాటా ఇస్త్రీ చొక్కా వేసుకున్న వేరే ఎవడో మాట్లాడుతున్నట్టుంది. అన్నీ తెలుసు వాడికి! పక్కనే కన్నకూతురు తల వంచుకుని ఆ పాఠం వింటోంది.

"సారీ మావయ్యగారూ," అంది దుర్గాశ్రీ. "చూసుకోలేదు."

కాదని అప్పాజీ ఇప్పుడైనా అనొచ్చు. అనలేదు. ఒక్క నిమిషం ఆగి అందామనుకున్నాడు. ఆ నిమిషంలో గణేష్‌బాబు, "ముసలావిడ అక్కడే కూర్చుని ఉంటే ఏమయ్యేది శ్రీ?" అన్నాడు. లోవలక్ష్మి గారు, "నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నారు. లోకనాథ్ గారు ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. కోడలి ముందు చెయ్యి చాపారు. ఆమె నడుముకి దోపుకున్న తాళాలు తీసి ఆ చేతిలో పెట్టింది.

"ఇంకొన్నాళ్ళు ఆటోలోనే వెళ్ళమ్మా. కారు సంగతి తర్వాత చూద్దాం," అన్నారాయన. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదని ఆ వీధిలో నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు.

సాయంత్రం రైలుకి వెళ్ళాల్సినవాళ్ళు ఉండిపోయారు. గోడ సంగతి మాట్లాడాలిగా, అని అప్పాజీ వంక పెట్టాడు. గోడ సంగతి లోకనాథ్ గారు అప్పుడే మాట్లాడేశారు, కొట్టునుంచి సిమెంటు కూడా పంపించేశారు. దీపాలు పెట్టే వేళకి అప్పాజీ మేడ మీదికెక్కి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. నూకరత్నం వచ్చింది.

"బండి ఎవరు పెట్టారండీ?" అని అడిగింది.

అతను ఎదురింటి కూలిన గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ తోటల్లో మీ బండి తోసిన చేతులివి. మీరు వదిలిన బండి నాకు తెలీదా? పిల్ల డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది, దానికి న్యూట్రల్ అలవాటెక్కడిది?" ఆవిడ గొంతు పెంచలేదు. కిందివాళ్ళకి వినపడుతుందని. "పోనీ మర్చిపోయారు, ఎవరైనా మర్చిపోతారు. పిల్లని అడ్డం పెట్టుకున్నారేంటండీ? మీ పాఠం విన్నాను. గేరులో పెట్టాలిట, రాయి పెట్టాలిట!"

"చెబుదామనే అనుకున్నానే. మాట రాలేదు."

"మిగతావన్నీ వచ్చాయిగా," అని ఆవిడ కిందికి వెళ్ళిపోయింది.

సిగ్గంటే ఏమిటో అప్పాజీకి అప్పటిదాకా సరిగ్గా తెలియదు. పదో తరగతి తప్పినప్పుడు సిగ్గుపడలేదు. ఒకరి దగ్గర కూలికి చేరినప్పుడు సిగ్గుపడలేదు. గొప్పలు చెప్పి దొరికిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, నవ్వేసి ఊరుకున్నాడు. ఇది అలాంటిది కాదు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ఏమీ అనడం లేదు. రాత్రి వడ్డనలో లోవలక్ష్మి గారు, "మీరేం మనసులో పెట్టుకోకండి అన్నయ్యగారూ, పిల్లలన్నాక పొరపాట్లు చేస్తారు," అని అతన్నే ఓదార్చారు. ఆ ముద్ద మింగడం అతని వల్ల కాలేదు.

పొద్దున్న కాఫీల దగ్గర చెప్పేశాడు. ముందు అనుకున్న మాటలన్నీ పోయి, మొహం కడుక్కున్న తువ్వాలు చేతిలో నలుపుతూ, "బావగారూ, నిన్న కారు అమ్మాయి పెట్టలేదండీ. నేను పెట్టాను. న్యూట్రల్‌లో వదిలింది నేనే," అన్నాడు.

లోకనాథ్ గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. కాసేపు అప్పాజీ మొహంలోకి చూసి, చిన్నగా నవ్వారు.

"కూర్చోండి బావగారూ. ఆడపిల్ల తండ్రి మనసు నాకు తెలీదంటారా? రాత్రంతా పడుకోలేదు మీరు, కళ్ళు చూస్తే తెలుస్తోంది."

"అది కాదండీ. నిజంగా నేనే. అమ్మాయి దిగిపోయింది. గోడవారకి పెడదామని నేను ఎక్కాను. మా కడియంలో బండి న్యూట్రల్‌లోనే వదులుతామండి, అలవాటు చొప్పున..."

"నేను మేడ మీంచి చూశానన్నయ్యగారూ," అన్నారు లోవలక్ష్మి గారు గుమ్మంలోంచి. "అమ్మాయే కదా తోలుకొచ్చింది."

"తోలుకొచ్చింది అమ్మాయేనండీ. పెట్టింది నేను."

"బావగారూ," అన్నారు లోకనాథ్ గారు, అతని చెయ్యి పట్టుకుని. "అది ఎందుకు జారిందో నిన్న పూసగుచ్చినట్టు చెప్పారు మీరు. అంత తెలిసిన మనిషి న్యూట్రల్‌లో వదిలేస్తాడంటే నన్ను నమ్మమంటారా? మీ మీద వేసుకుని పిల్లకి తాళాలు ఇప్పిద్దామని. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందండీ?"

లోవలక్ష్మి గారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. గణేష్‌బాబు వచ్చి, "మావయ్యగారూ, ఇంక వదిలెయ్యండి, మేం శ్రీని ఏమీ అనంలెండి," అన్నాడు. నూకరత్నం ఒక్కతే తలుపు వార నిలబడి, మొగుణ్ణి చూసి మొహం తిప్పుకుంది. అప్పాజీ ఎంత గట్టిగా నేనంటే నేనన్నాడో, వాళ్ళ కళ్ళలో అంత పెద్దవాడైపోయాడు. నేలలోకి కూరుకుపోదామంటే గచ్చు.

దిక్కు తోచక, స్కూలుకి బయల్దేరిన కూతురి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నిన్న నేనే కదా పెట్టింది?"

దుర్గాశ్రీ బాక్సు సంచిలో సర్దుకుంటోంది. జిప్పు పూర్తిగా వేసేదాకా తలెత్తలేదు. తర్వాత మామగారి వైపు చూసి, "నాన్న నన్నెప్పుడూ ఇలాగే వెనకేసుకొస్తారు మావయ్యగారూ," అంది. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

అప్పాజీ వెనకాలే ర్యాంపు దిగాడు. వీధి మలుపులో, ఆటోలు ఆగే చోట ఆమెని అందుకున్నాడు.

"అలా ఎందుకన్నావమ్మా? చెబితే తాళాలు ఇచ్చేవారు కదా."

"ఏం చెప్పను నాన్నా? నిన్న నేను అబద్ధమాడానని చెప్పనా, నువ్వు నోరు మూసుకు నిలబడ్డావని చెప్పనా? రెండూ చెప్పాలి. ఆ ఇంట్లో నేను ఉండాలి, నువ్వు వస్తూ పోతూ ఉండాలి." ఆమె ఆటో వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తోంది. "నిన్న అక్కడే అనుంటే నమ్మేవాళ్ళు. నవ్వేవాళ్ళు. అంతకంటే ఏం చేసేవాళ్ళు? కాసేపు నవ్వేవాళ్ళు నాన్నా, అంతే."

ఆటో వచ్చింది. లోపల జాగా లేదు. డ్రైవరు, "సర్దుకోండమ్మా, టీచరుగారు," అని అరిస్తే లోపలివాళ్ళు కాస్త జరిగారు. దుర్గాశ్రీ సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఆటో హైవే వైపు తిరిగింది.

పైనుంచి లోకనాథ్ గారు పిలిచారు. "బావగారూ, టిఫిను చల్లారిపోతోంది, దయచేయండి!" నిన్నటిదాకా రండి అనేవారు. ఈవేళ దయచేయండి అన్నారు. అప్పాజీ తల వంచుకుని ర్యాంపు ఎక్కడం మొదలుపెట్టాడు.